తప్పు చేయడానికీ ఒక పద్ధతి

ఎర్రలైటు తప్ప మరే వెలుతురూ లోపలికి రాకూడదు. డెవలపర్ 20 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర ఉండాలి. పేపరును ముందు డెవలపర్లో, తర్వాత స్టాప్‌బాత్‌లో, ఆ తర్వాత హైపోలో, చివరికి నీళ్లలో వేయాలి. ఈ వరస మారకూడదు. హైపో చుక్క డెవలపర్లో పడకూడదు. పేపరు మీద వేలిముద్ర పడకూడదు. గడువు దాటిన పేపరు ముట్టుకోకూడదు. ఫొటోలు కడగడం నేర్చుకున్న ప్రతివాళ్లూ ఈ మాటలు గురువు నోట వినే ఉంటారు.

ఈ అధ్యాయంలో మనం ఆ నియమాలను ఒక్కొక్కటిగా, తెలిసి, కావాలని తప్పబోతున్నాం. గత 100 ఏళ్లలో డార్క్‌రూమ్ నుంచి వచ్చిన కొత్తరకం కళను వెనక్కి తిరిగి చూస్తే, చాలాచోట్ల ఈ జాబితాలోని ఏదో ఒక నియమం తప్పిన జాడ కనిపిస్తుంది. ఎవరో లైటు వేశారు. ఎవరో వరస తిరగేశారు. ఎవరో పాతబడ్డ పేపరును పారేయకుండా దాచారు.

అయితే నియమం తప్పిన ప్రతిచోటా కళ పుట్టలేదు. ప్రపంచంలోని డార్క్‌రూమ్‌లన్నిటిలో లెక్కలేనన్ని పేపర్లు పాడై చెత్తబుట్టలోకి పోయాయి. అవే తప్పులు కొద్దిమంది చేతుల్లో మాత్రం బొమ్మలయ్యాయి. ఆ కొద్దిమందిలో నాకు కనిపించే గుణం ఒకటే: నియమం దేన్ని కాపాడుతోందో వాళ్లకు తెలుసు. తెలుసు కనుకే దాన్ని వదిలేసినప్పుడు ఏం బయటపడిందో గుర్తుపట్టగలిగారు, పట్టుకోగలిగారు, మళ్లీ చేయగలిగారు. మీరూ ఆ పని నేర్చుకోవచ్చు. ఎలాగో చూద్దాం.

నియమం వెనక ఏముంది?

బ్రొమైడ్ పేపరు మీద జిలాటిన్ పొర ఉంటుంది. ఆ పొర నిండా వెండి లవణాల సన్నటి రేణువులు ఉంటాయి. వెలుతురు తగిలిన రేణువుల్లో కంటికి కనిపించని మార్పు వస్తుంది. డెవలపర్ ఆ రేణువులనే ఎంచుకుని నల్లటి వెండిగా మారుస్తుంది. స్టాప్‌బాత్‌లోని ఆమ్లం డెవలపర్ పనిని ఆపేస్తుంది. వెలుతురు తగలని రేణువులను కరిగించి తీసేసేది హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్. హైపోకు వెండి లవణాలను కరిగించే గుణం ఉందని ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు. 1839లో ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడైనప్పుడు, బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టే మందు అప్పటికే ఆయన దగ్గర ఉంది.

ఈ నాలుగు మెట్లూ అర్థమైతే నియమాలన్నీ వాటంతటవే విడివడతాయి. ఎర్రలైటు నియమం తెలుపును కాపాడుతుంది, ఎందుకంటే మామూలు బ్రొమైడ్ పేపరుకు ఎరుపు కనిపించదు. 20 డిగ్రీల నియమం సమయాన్ని కాపాడుతుంది. మన వేసవిలో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి, ఆ నీళ్లతో కలిపిన డెవలపర్ పుస్తకంలో రాసిన నిమిషాల లెక్కను ఖాతరు చేయదు. వరస నియమం ఒక మందు పని పూర్తయ్యాకే ఇంకో మందు చేతికి పేపరు వెళ్లేలా చూస్తుంది. ట్రే కదుపుతూ ఉండాలన్న నియమం పేపరు అంతటా ఒకే తీరుగా నలుపు వచ్చేలా చూస్తుంది.

ఇప్పుడు ఒక నోట్‌బుక్ తీసుకోండి. పేజీని మూడు నిలువు గడులుగా విడగొట్టండి. మొదటి గడిలో నియమం రాయండి. రెండో గడిలో అది కాపాడేది ఏమిటో రాయండి. మూడో గడిలో, ఆ కాపలా తీసేస్తే ఏం జరగవచ్చో మీ ఊహ రాయండి. రెండో గడి నింపలేకపోయిన నియమం జోలికి ఇప్పుడే వెళ్లకండి. దాని సంగతి ముందు తెలుసుకోండి.

ఇంకో షరతు కూడా ఉంది. ప్రయోగాలకు దిగే ముందు ఒక్క ప్రింటు శుభ్రంగా వేయండి. గాఢమైన నలుపు, స్వచ్ఛమైన తెలుపు, మధ్యలో బూడిదరంగు మెట్లన్నీ అందులో ఉండాలి. అది రాకుండానే మచ్చల ప్రింటు చూపించి ప్రయోగం అనేవాళ్ల గురించి మనవాళ్లు ఎప్పుడో అన్నారు, ఆడలేక మద్దెల ఓడని. శుభ్రమైన ప్రింటు వేయగలిగిన చేతికే, మచ్చ ఎక్కడ పడాలో నిర్ణయించే హక్కు వస్తుంది.

వెలుతురు పడితే?

1929లో లీ మిల్లర్ అనే అమెరికన్ యువతి పారిస్ చేరి, కళాకారుడు మ్యాన్ రే దగ్గర ఫొటోగ్రఫీ నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఒకసారి డార్క్‌రూమ్‌లో పనిచేస్తుండగా ఆమె కాలి మీదుగా ఏదో పాకినట్టయింది. ఉలిక్కిపడి లైటు వేసేసింది. డెవలపర్లో ఇంకా నెగెటివ్‌లు ఉన్నాయి. ఈ సంగతి చాలా ఏళ్ల తర్వాత ఆమే చెప్పింది. మ్యాన్ రే ఆ నెగెటివ్‌లను పారేయకుండా హైపోలో వేసి చూశాడు. బొమ్మ వెనకున్న చీకటి భాగం మీద కొత్త వెలుతురు పనిచేసింది, కానీ శరీరం అంచు దాకా వచ్చి ఆగిపోయింది. ఆ అంచు వెంట ఎవరో గీసినట్టు ఒక గీత ఏర్పడింది.

నిజానికి ఈ ఫలితం అప్పటికే లోకానికి తెలుసు. అర్మాండ్ సబాటియే అనే ఫ్రెంచి వైద్యుడు 1860ల తొలినాళ్లలోనే దీన్ని వివరించాడు. అందుకే నిపుణులు దీన్ని సబాటియే ఎఫెక్ట్ అంటారు, వాడుకలో సోలరైజేషన్ అన్న పేరు నిలిచింది. దాదాపు 70 ఏళ్లపాటు అదొక లోపంగానే ఉండిపోయింది. మ్యాన్ రే, మిల్లర్ ఆ లోపాన్ని పదేపదే చేశారు. ఏ దశలో లైటు వేయాలి, ఎంతసేపు ఉంచాలి, ఎలాంటి బొమ్మకు ఇది నప్పుతుంది అన్నవి పట్టుకున్నారు. 1930 ప్రాంతంలో మ్యాన్ రే తీసిన మిల్లర్ ముఖచిత్రాల్లో ఆ గీత ఎంత నిబ్బరంగా ఉంటుందో చూస్తే, ఆ లైటు ఇక పొరపాటున పడింది కాదని తెలిసిపోతుంది.

ఆ గీత ఎందుకొస్తుంది? వెండి లవణం డెవలప్ అవుతున్నచోట బ్రోమైడ్ విడుదలవుతుంది. అది డెవలపర్ వేగాన్ని తగ్గిస్తుంది. అంతకుముందే నల్లబడ్డ భాగానికీ, లైటు పడ్డాక కొత్తగా నల్లబడుతున్న భాగానికీ సరిహద్దులో ఈ బ్రోమైడ్ పోగుపడుతుంది. అందుకని ఆ సన్నటి సరిహద్దు మీద వెండి సరిగా ఏర్పడదు. దాన్ని మాకీ లైన్ అంటారు. పేపరు మీద చేస్తే గీత తెల్లగా వస్తుంది. నెగెటివ్ మీద చేసి ప్రింటు వేస్తే నల్లగా వస్తుంది.

మీరు చేసి చూడండి. కాంట్రాస్ట్ ఎక్కువుండే పేపరు ఎంచుకోండి. మామూలుగా ఇచ్చే ఎక్స్‌పోజర్ కన్నా కాస్త తగ్గించి ఇవ్వండి. పేపరును డెవలపర్లో వేసి ఎప్పటిలాగే ట్రే కదపండి. 2 నిమిషాల డెవలప్‌మెంట్ అనుకుంటే, 1 నిమిషం దగ్గర కదపడం ఆపేయండి. పేపరు ట్రే అడుగున పడుకునేదాకా ఓ పది సెకన్లు ఆగండి. మీటరు, మీటరున్నర ఎత్తున అమర్చిన 15 వాట్ల బల్బును ఒక్క సెకను వెలిగించి ఆర్పేయండి. ఇక ట్రేను కదిలించకండి. కదిలిస్తే సరిహద్దులో చేరిన బ్రోమైడ్ చెదిరిపోతుంది, దాంతోపాటు గీతా పోతుంది. చూస్తూ ఉండగానే తెల్లటి భాగాలు బూడిదరంగుకు, ఆపైన ముదురు రంగుకు తిరుగుతాయి. మీ కంటికి నచ్చినచోట తీసి స్టాప్‌బాత్‌లో వేయండి.

ఇక్కడ మీరు తప్పిన నియమాలు రెండు. లైటు వేశారు, ట్రే కదపడం మానేశారు. రెండోది ఎందుకు తప్పాలో మొదటిదాని రసాయనం తెలిస్తేనే అర్థమవుతుంది. తెలియనివాళ్లు లైటు వేసి, అలవాటు కొద్దీ ట్రే ఊపుతారు. మసకబారిన బూడిదరంగు కాగితం చేతికొస్తుంది. ఇదేదో అదృష్టం మీద ఆధారపడ్డ పని అనుకుని వదిలేస్తారు.

వరస తిరగేస్తే?

1956 నవంబరు 10న పియెర్ కోర్డియే అనే బెల్జియం యువకుడు ఒక జర్మన్ యువతికి నాలుగు మాటలు రాసివ్వాలనుకున్నాడు. అందుకు ఫొటో పేపరు తీసుకుని, దాని మీద నెయిల్ పాలిష్‌తో రాశాడు. ఆ పేపరును మందుల్లో ముంచితే అక్షరాల చుట్టూ ఊహించని ఆకారాలు తేలాయి. మరొకరైతే అందమైన కానుక అనుకుని అక్కడితో సరిపెట్టుకునేవారు. కోర్డియే జీవితమంతా దాని వెంట నడిచాడు. ఆ పద్ధతికి కెమిగ్రామ్ అని పేరు పెట్టాడు. ఇందులో కెమెరా లేదు, ఎన్లార్జర్ లేదు, చీకటి కూడా అక్కర్లేదు. 1967లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఆయన పనిని మరో ఇద్దరు యూరప్ కళాకారులతో కలిపి ప్రదర్శించింది.

కెమిగ్రామ్ నడిచే తీరు దగ్గరగా చూద్దాం. ట్యూబ్‌లైటు వెలుగుతున్న గదిలో బ్రొమైడ్ పేపరు బయట పెట్టారనుకోండి. దాని మీది ప్రతి రేణువుకూ వెలుతురు తగిలేసింది. అలాంటి పేపరును ముందు డెవలపర్లో వేస్తే మొత్తం నల్లగా అవుతుంది. ముందు హైపోలో వేస్తే రేణువులన్నీ కరిగిపోయి మొత్తం తెల్లగా మిగులుతుంది. ఇక మీ పని, ఏ చోటు ఏ మందుకు ముందు దొరకాలో నిర్ణయించడమే.

పేపరు మధ్యలో తేనెతో ఒక వృత్తం గీయండి. హైపో ట్రేలో వేయండి. తేనె లేనిచోట రేణువులు కరగడం మొదలవుతుంది. తేనె కిందివి మాత్రం భద్రంగా ఉంటాయి. అరనిమిషం తర్వాత తీసి, నీళ్లలో ఒక్కసారి ముంచి, డెవలపర్లో వేయండి. ఈలోగా తేనె అంచు కొంచెం కరిగి లోపలికి జరిగి ఉంటుంది. కొత్తగా బయటపడ్డ ఆ సన్నటి పట్టీ నల్లబడుతుంది. మళ్లీ నీళ్లు, మళ్లీ హైపో. అంచు ఇంకాస్త జరుగుతుంది. ఈసారి బయటపడ్డ పట్టీ తెల్లగా మిగులుతుంది. ఇలా మారుస్తూ పోతే వృత్తం లోపల నలుపు, తెలుపు వలయాలు ఒకదాని లోపల ఒకటి ఏర్పడతాయి. తేనె పూర్తిగా కరిగిపోయాక ఆట ముగుస్తుంది. చివరగా పేపరును హైపోలో పూర్తిగా ఉంచి, పారే నీళ్లలో కడగండి.

తేనె త్వరగా కరుగుతుంది, దాని గీతలు మెత్తగా, పక్కకు కారినట్టు వస్తాయి. బెల్లం పాకం చిక్కదనాన్ని బట్టి మారుతుంది. నెయ్యి కరగకుండా జారుతుంది. నెయిల్ పాలిష్, వార్నిష్ గట్టివి. వాటిని పూసి, ఆరాక, బ్లేడుతో సన్నటి గాటు పెడితే మందు ఆ గాటులోంచి లోపలికి దూరి, పొరను అంచుల వెంట నెమ్మదిగా లేపుతుంది. ఆ గాటుకు సమాంతరంగా గీతల మీద గీతలు పుడతాయి. నూనె, మైనం, గుడ్డుసొన, పాకం, వార్నిష్, ఇలా కోర్డియే వాడని పదార్థం తక్కువ. ఒక్కో పదార్థం ఎంత వేగంగా లొంగుతుందో తెలుసుకోవడమే ఆయన సాధనలో పెద్ద భాగం.

ఒక జాగ్రత్త. ఈ పనిలో హైపో డెవలపర్లో కలవక తప్పదు. కొంతసేపటికి డెవలపర్ చచ్చిపోతుంది. కాబట్టి కెమిగ్రామ్ కోసం డెవలపర్‌ను చిన్న ట్రేలో విడిగా పోసుకోండి. మామూలు ప్రింట్ల డెవలపర్ సీసాలోకి దాన్ని తిరిగి పోయకండి. ఒక నియమం తప్పడం కోసం పక్కన ఇంకో గట్టు కట్టుకోవడం కూడా పద్ధతిలో భాగమే.

గడువు దాటిన పేపరు

అమెరికా కళాకారిణి అలిసన్ రోసిటర్ 2007 నుంచి గడువు దాటిన ఫొటో పేపర్లను సేకరిస్తూ, వాటితోనే పనిచేస్తోంది. కెమెరా వాడదు. దశాబ్దాల పాటు పెట్టెలో ఉన్న పేపరును డెవలపర్లో ముంచుతుంది, లేదా కొంత భాగం మీద మాత్రం డెవలపర్ పోస్తుంది. పెట్టెలోకి దూరిన వెలుతురు, తేమ, బూజు, ఎప్పుడో ఎవరిదో పడ్డ వేలిముద్ర, అన్నీ అప్పుడు పైకి తేలతాయి. ఆమె తన బొమ్మకు పెట్టే పేరులో పేపరు రకం, దాని గడువు తేదీ, తాను కడిగిన సంవత్సరం ఉంటాయి. కాలం ఆ పేపరు మీద చేసిన పనికి ఆమె సాక్షిగా నిలబడుతుంది. ఆ వినయం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

క్రిస్ మెకా అనే మరో అమెరికన్ది ఇంకో దారి. 2003లో రాత్రంతా నక్షత్రాల కోసం కెమెరా షట్టర్ తెరిచి ఉంచాడు. తెల్లవారకముందే లేచి మూయాల్సింది, లేవలేదు. ఉదయించిన సూర్యుడు లెన్సు గుండా పడి ఫిల్మును కాల్చేశాడు. ఆ తర్వాత ఆయన అదే పనిని కావాలని చేయడం మొదలుపెట్టాడు. స్వయంగా తయారుచేసుకున్న పెద్ద కెమెరాల్లో ఫిల్ముకు బదులు పాత బ్రొమైడ్ పేపరు పెట్టి, గంటలకొద్దీ తెరిచి ఉంచుతాడు. ఆకాశంలో సూర్యుడు నడిచిన దారి పేపరు మీద కాలిన గాటుగా పడుతుంది. కొన్నిచోట్ల పేపరుకు తూట్లు పడతాయి.

ఈ దారిలో మొదటి అడుగు వేయడానికి మన ఊళ్లలో అనుకూలత ఎక్కువే. ఊటీలోని ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో ఫిల్ములు, పేపర్లు తయారుచేసేది. మీ ఊళ్లో పాత స్టూడియో ఉంటే, దాని యజమానిని కలిసి, అటక మీద పాత పేపరు పెట్టెలేమైనా మిగిలాయేమో అడగండి. పనికిరాదని ఆయన అనవచ్చు. మీకు కావాల్సింది అదేనని చెప్పండి. పెట్టె దొరికితే ఆ పేపరు ఎలా వాడేవారో, ఏ పనికి వాడేవారో కూడా ఆయన్నే అడిగి రాసుకోండి.

ఆ పేపరు మీద లేత తమలపాకో, రావి ఆకో, మునగ రెమ్మో పెట్టి, పైన గాజుపలక ఉంచి ఎండలో వదిలేయండి. దీన్ని ల్యూమెన్ ప్రింట్ అంటారు. డెవలపర్ అవసరం లేదు, ఎండే పేపరును నల్లబరుస్తుంది. ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకరైన ఫాక్స్ టాల్బట్ ఇంగ్లండులో 1830ల్లో ఆకులు, లేసు గుడ్డలు పరిచి చేసిన బొమ్మల వెనకా ఉన్నది ఈ సూత్రమే. అరగంట నుంచి కొన్ని గంటల దాకా ఉంచి చూడండి. నలుపు తెలుపుల పేపరు మీద గులాబీ, ఊదా, ఇటుక రంగులు తేలతాయి. ఆకులోని తడి కూడా మరక వేస్తుంది. హైపోలో వేయగానే ఆ రంగులు మారతాయి, చాలావరకు వెలిసిపోతాయి. కనుక హైపోకు ముందే దాన్ని స్కాన్ చేసుకోవడమో, ఫోన్‌తో ఫొటో తీసుకోవడమో మంచిది. హైపోలో అసలు వేయకపోతే బొమ్మ వెలుతురులో క్రమంగా నల్లబడుతూనే ఉంటుంది. నిలబడాలా, మారుతూ పోవాలా అన్నది మీ నిర్ణయం.

బొమ్మ ఎక్కడ పూర్తవుతుంది?

ఫొటో తీసేముందే పూర్తయిన ప్రింటును మనసులో చూడాలని బోధించినవాడు ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్. 1940 ప్రాంతంలో ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి, ఎక్స్‌పోజర్‌నూ డెవలప్‌మెంట్‌నూ లెక్క ప్రకారం నిర్ణయించే జోన్ సిస్టమ్‌ను రూపొందించింది కూడా ఆయనే. ఆయన 1941లో తీసిన 'మూన్‌రైజ్, హెర్నాండెజ్' ప్రింట్లను వరసగా చూస్తే ఒక సంగతి గమనిస్తాం. తొలి ప్రింట్లలో ఆకాశంలో లేత మబ్బులు కనిపిస్తాయి. తర్వాతి దశాబ్దాల ప్రింట్లలో అదే ఆకాశం దాదాపు నల్లగా ఉంటుంది. నియమాలు రాసిన మనిషే అదే నెగెటివ్‌తో ఏళ్ల తరబడి కొత్త నిర్ణయాలు తీసుకుంటూ వచ్చాడు.

షట్టర్ నొక్కాక కూడా నిర్ణయాలు తీసుకునే ఆ తలుపును ఫొటోగ్రాఫర్ జెర్రీ యూల్స్‌మన్ పూర్తిగా తెరిచాడు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, డార్క్‌రూమ్‌లో అనేక ఎన్లార్జర్లను వరసగా పెట్టుకునేవాడు. ఒక్కోదానిలో ఒక్కో నెగెటివ్. ఒకే పేపరును ఒకదాని కింది నుంచి మరోదాని కిందికి జరుపుతూ, అక్కర్లేని భాగాన్ని చేత్తోనో అట్టముక్కతోనో కప్పుతూ ప్రింటు వేసేవాడు. ఇంటి గోడల్లోంచి చెట్టు వేళ్లు దిగినట్టు, పడవ గాల్లో తేలినట్టు ఆయన బొమ్మల్లో అతుకు కనిపించదు. బొమ్మ ఎలా ఉండాలన్న ఆలోచన షట్టర్ నొక్కడంతో ఆగిపోనక్కర్లేదని, డార్క్‌రూమ్‌లోనూ సాగవచ్చని ఆయన వాదించాడు. కోర్డియేను ప్రదర్శించిన అదే 1967లో, అదే మ్యూజియం యూల్స్‌మన్ పనినీ విడిగా ప్రదర్శించింది.

వీటిని మాత్రం తప్పకండి

బొమ్మను కాపాడే నియమాలు వేరు, మనిషిని కాపాడే నియమాలు వేరు. మొదటి రకాన్ని ఎంతైనా తప్పండి. రెండో రకం దగ్గర బెట్టు వద్దు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

డెవలపర్లోని మెటాల్, హైడ్రోక్వినోన్ కొందరి చర్మానికి పడవు. చేతి తొడుగులు, పట్టకార్లు వాడండి. గదిలో గాలి ఆడేలా చూడండి. ఆమ్లాన్ని పలచన చేసేటప్పుడు నీళ్లలో ఆమ్లం పోయండి, ఆమ్లంలో నీళ్లు పోయకండి. వంటగిన్నెలు, చెంచాలు డార్క్‌రూమ్‌లోకి తెస్తే అవి మళ్లీ వంటింటికి వెళ్లకూడదు. కెమిగ్రామ్‌కు వాడే తేనె, నెయ్యికి వేరే డబ్బాలు పెట్టి పేర్లు రాయండి. మందుల సీసాలు పిల్లలకు అందనివ్వకండి.

వాడేసిన హైపోలో కరిగిన వెండి ఉంటుంది. అది నీళ్లలోని జీవులకు హాని చేస్తుంది. సింకులోనో, చెట్ల మొదట్లోనో పోయకండి. ప్లాస్టిక్ డబ్బాలో పోగుచేయండి. అందులో స్టీల్ ఉన్ని వేసి కొన్ని రోజులు ఉంచితే వెండి మడ్డిగా అడుగున చేరుతుంది. వెండి తీసేవాళ్లు వాడేసిన హైపోను కొంటుంటారు కూడా. ఎక్స్‌రే ఫిల్ములు ఇంకా కడిగే సెంటర్లు ఉంటే అక్కడ వాకబు చేయండి.

మోర్డాన్సాజ్ అని ఒక పద్ధతి ఉంది. ఫ్రాన్సుకు చెందిన జాన్‌పియెర్ సుద్ర్ దాన్ని అభివృద్ధి చేశాడు. కోర్డియేతో కలిసి 1967లో ప్రదర్శించిన ఇద్దరిలో ఈయన ఒకరు. ప్రింటులోని నల్లటి భాగాలు పలచటి తెరల్లా పైకి లేచి ముడతలు పడతాయి, చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. కానీ అందులో కాపర్ క్లోరైడ్, గాఢ అసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుపుతారు. అనుభవజ్ఞులు పక్కన లేకుండా, పొగలు బయటికి లాగే ఏర్పాటు లేకుండా దాని జోలికి వెళ్లకండి.

తప్పును మీ సొంతం చేసుకునే అలవాట్లు

ఒకసారి ఒకే నియమం తప్పండి. మిగతావన్నీ పట్టుగా పాటించండి. పాత పేపరు, వేడి డెవలపర్, మధ్యలో లైటు, మూడూ ఒకేసారి చేస్తే ఏ ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పలేరు.

ప్రతి పేపరు వెనక మెత్తటి పెన్సిల్‌తో నంబరు వేయండి, పేపరు మందులోకి వెళ్లకముందే. నోట్‌బుక్‌లో ఆ నంబరు ఎదురుగా పేపరు రకం, డెవలపర్ పాళ్లు, ఉష్ణోగ్రత, సెకన్లు, ఏ నియమం తప్పారు, ఏం ఆశించారు, ఏం వచ్చింది అన్నవి రాయండి. ఆశించినదాన్ని ముందే రాయడం ముఖ్యం. ఫలితం చూశాక మనసు తెలివిగా కథలు అల్లేస్తుంది.

తీర్పు మర్నాడు చెప్పండి. తడి ప్రింటు ఆరాక కాస్త ముదురు రంగుకు తిరుగుతుంది. ఎర్రలైటు కింద అద్భుతంగా కనిపించింది పగటి వెలుతురులో మసకగా ఉండొచ్చు. పాడైందనుకున్నది తీరా ఆరాక మిమ్మల్ని ఆపేయొచ్చు.

బాగా వచ్చినదాన్ని వెంటనే మళ్లీ చేయండి. అచ్చం అలాగే రానక్కర్లేదు, కెమిగ్రామ్ అయితే అలా రానే రాదు. కానీ దాని పోలిక మీ అదుపులోకి రావాలి. ఒక్కసారి వచ్చింది మీకు దక్కిన వరం. పిలిచినప్పుడల్లా వచ్చేది మీరు సంపాదించుకున్న విద్య.

చివరిగా, ఈ తప్పు ఈ బొమ్మకు ఎందుకు అని అడగండి. చెప్పదలచుకున్నదానికి ఆ గీత, ఆ మరక సాయపడుతోందా? లేకపోతే పద్ధతి ఎంత అందంగా ఉన్నా ఆ ప్రింటును పక్కన పెట్టండి. వింతదనం చూసి చప్పట్లు కొట్టేవాళ్లు దొరుకుతారు. వాళ్ల కోసం పని చేయకండి.

నాలుగు వారాల సాధన

మొదటి వారం: మూడు గడుల పట్టిక పూర్తిచేయండి. మంచి నెగెటివ్ ఒకటి ఎంచుకుని శుభ్రమైన ప్రింటు వేయండి. దాన్ని గోడకు తగిలించండి, మిగతా వారాల ప్రింట్లను దాని పక్కన పెట్టి చూసుకోవాలి.

రెండో వారం: ల్యూమెన్ ప్రింట్లు. ఒకే రకం ఆకు, ఒకే పేపరు, ఎండలో ఉంచే సమయం మాత్రం మార్చండి. డార్క్‌రూమ్ లేనివాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

మూడో వారం: కెమిగ్రామ్‌లు. ముందు తేనె, తర్వాత నెయిల్ పాలిష్. రెంటినీ ఒకే పేపరు మీద కలపకండి, అది ఆ తర్వాతి మాట.

నాలుగో వారం: మొదటి వారం ఎంచుకున్న నెగెటివ్‌తోనే సోలరైజేషన్. లైటు వేసే క్షణాన్ని మార్చుతూ ఒక వరస, లైటు ఉంచే సమయాన్ని మార్చుతూ ఇంకో వరస చేయండి.

ఈ అలవాటు డార్క్‌రూమ్ గోడల మధ్యే ఆగిపోదు. మీరు పాఠాలు చెప్పేవారైనా, బట్టలు కుట్టేవారైనా, కథలు రాసేవారైనా, మీ పనిలోనూ ఎవరో ఎప్పుడో పెట్టిన నియమాలు ఉంటాయి. వాటినీ మూడు గడుల పట్టికలో పెట్టండి. మనుషులను కాపాడేవాటిని నెత్తిన పెట్టుకోండి. ఫలితాన్ని ఒకే మూసలో ఉంచడానికి పెట్టినవాటిలోంచి ఒక్కటి ఎంచుకుని, తెలిసి తప్పి చూడండి.

సబాటియే తాను చూసిన వింతను వివరంగా రాసిపెట్టాడు. 70 ఏళ్ల తర్వాత అది మరొకరి చేతిలో కళ అయింది. కోర్డియే ఒంటరిగా కనిపెట్టిన పద్ధతిని ఈరోజు డార్క్‌రూమ్ తరగతుల్లో మొదటి మెట్టు, రెండో మెట్టు అంటూ నియమాలుగా నేర్పుతున్నారు. మీరు తప్పి తెలుసుకున్నదీ అలాగే రేపటికి ఎవరికో నియమం కావచ్చు. దాన్ని తప్పే హక్కు వాళ్లకు ఉండాలి. అందుకు ముందు అది వాళ్లకు పూర్తిగా అర్థం కావాలి. కనుక నోట్‌బుక్‌లో మీ కోసం గుర్తులు వేసుకున్నట్టు కాకుండా, కొత్తగా నేర్చుకునేవాళ్లకు చెబుతున్నట్టు రాయండి. ఎన్ని సెకన్లు, ఏ పేపరు, ఎంత వేడి, ఏం ఆశించారు, ఏం వచ్చింది, అన్నీ.